అత్తగారు, ఒడియా తోటికోడలు, పిల్లలు కలిసి చూడాలంటే ఏ సినిమా? బరంపురం తెలుగిళ్లకు ఒక పోలిక

బరంపురంలో తెలుగువాళ్ల ఇంట్లో సాయంత్రం సినిమా ఎంచుకోవడం విజయవాడలోనో వరంగల్లులోనో ఎంచుకున్నంత సులువు కాదు. అక్కడ "బాగుందటనా?" అని ఒకరిని అడిగితే సరిపోతుంది. ఇక్కడ టీవీ ముందు ఎవరెవరు కూర్చుంటారో ముందు చూసుకోవాలి. 1936లో గంజాంను మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపారు. ఊరు రాష్ట్రం మారింది కానీ మన ఇళ్లలో మాట మారలేదు. తరాలు గడిచాక ఇప్పుడు ఒకే గదిలో తెలుగు మాత్రమే హాయిగా అర్థమయ్యే పెద్దావిడ, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు, ఒడియా ఇంటి నుంచి వచ్చిన కోడలు పక్కపక్కన కూర్చుంటారు. మా ఇంట్లో అచ్చంగా ఇదే పరిస్థితి. మా అత్తగారి పుట్టిల్లు ఇచ్ఛాపురం. మా తోటికోడలిది ఛత్రపూర్ దగ్గరి ఒడియా కుటుంబం. మా అబ్బాయి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు.

ఈమధ్య మేం ఇంట్లో చూసిన సినిమాల్లో కొన్నింటిని జతలుగా పెట్టి, ఏది ఎవరితో కలిసి చూడాలో చెబుతాను. మనలాంటి ఇళ్లకు సినిమా ఎంత గొప్పదన్నదాని కన్నా అందులోని మాట అందరి చెవికీ అందుతుందా లేదా అన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మాట అందకపోతే పెద్దవాళ్లు అరగంటలో లేచి వెళ్లిపోతారు. వాళ్లు లేచి వెళ్లాక కలిసి చూడటమన్న మాటకు అర్థం లేదు.

కంచరపాలెమా, బలగమా?

ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా చెప్పమంటే చాలామంది ఈ రెండు పేర్లే చెబుతారు. రెండూ మామూలు మనుషుల కథలే. రెండింటిలోనూ పెద్ద తారల హంగు లేదు. రెండూ మంచివే కాబట్టి దేన్ని ముందు చూడాలన్నదే అసలు ప్రశ్న. మన ప్రాంతం వాళ్లు "కేరాఫ్ కంచరపాలెం" ముందు చూడాలని నేనంటాను.

2018లో వెంకటేష్ మహా ఈ సినిమాను విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే తీశారు. అక్కడి మనుషులనే నటులుగా పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్లు కారు. ఆ సంగతి తెలియకుండా చూసినా మాటల్లోనే తెలిసిపోతుంది. ఎవరూ సంభాషణ అప్పజెప్పినట్టు మాట్లాడరు. ఉత్తరాంధ్ర యాస వాళ్ల నోట సహజంగా పలుకుతుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా ఉన్న మన మాటకు అది దగ్గరి చుట్టం. మొదటి సన్నివేశాల్లోనే మా అత్తగారు "వీళ్లు మనవాళ్లేనమ్మా" అన్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా "ఏమన్నాడు?" అని అడగలేదు. అంతకన్నా పెద్ద కితాబు నాకు తెలియదు.

ఇందులో నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు నడుస్తాయి. బడిపిల్లల కథ ఒకటి, కుర్రవాడి కథ ఒకటి, సారా కొట్టులో పనిచేసే మనిషి కథ ఒకటి. నాలుగోది నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లి కాని అటెండరు రాజు కథ. అతని ఆఫీసుకు కొత్తగా వచ్చే అధికారి రాధ ఒడిశా మనిషి. భర్త లేడు, ఎదిగిన కూతురు ఉంది. మా తోటికోడలు ఈ కథను మిగిలిన మూడింటికన్నా దగ్గరగా పట్టుకుంది. ఒడిశా నుంచి తెలుగు ఊరికి వచ్చిన ఆడమనిషి తెలుగు సినిమాలో వెక్కిరింపుకో పాటకో కాకుండా పూర్తి గౌరవంతో కనిపించడం ఎంత అరుదో ఆలోచించండి. పెద్ద వయసులో పెళ్లి గురించి చుట్టాలు అనే మాటలు కూడా అతిశయం లేకుండా ఉన్నాయి. సినిమా అయ్యాక ఆ ఒక్క విషయం మీదే మా ఇంట్లో ఆడవాళ్లం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, నాలుగు కథలు ఎందుకు చెబుతున్నారో అంతుపట్టదు. ఓపిక పట్టండి. చివరి ఇరవై నిమిషాల్లో మాత్రం ఎవరినీ వంటింట్లోకి పంపకండి, ఫోను చూడనివ్వకండి. ఇక రెండోది: సారా కొట్టు మనిషి ప్రేమించేది ఒళ్లమ్ముకుని బతికే స్త్రీని. దర్శకుడు ఆ కథను ఎంతో మర్యాదగా చెప్పారు. అయినా పదేళ్లలోపు పిల్లలు పక్కనుంటే ప్రశ్నలు వస్తాయి, వాటికి సిద్ధంగా ఉండండి.

"బలగం" 2023 మార్చిలో వచ్చింది. అప్పటిదాకా హాస్యనటుడిగానే తెలిసిన వేణు యెల్దండి దీనికి దర్శకుడు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. కర్మకాండ రోజుల్లో కొడుకులు, కూతురు, అల్లుడు ఒకే ఇంట్లో చేరతారు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎప్పుడో ఒక భోజనంలో నల్లి బొక్క దగ్గర మొదలైన పట్టింపు ఇన్నేళ్లూ ఇంటిని ఎలా చీల్చిందో అక్కడి నుంచి ఒక్కొక్కటిగా బయటపడుతుంది. అల్లుడి అలక, బావమరిది మొండితనం, మధ్యలో నలిగిపోయే ఆడపడుచు మనందరి ఇళ్లలోనూ ఉన్నవాళ్లే. విడుదలైన రోజుల్లో తెలంగాణలో ఎన్నో ఊళ్లలో తెర కట్టి ఊరంతా కలిసి ఈ సినిమా చూశారు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట వస్తున్నప్పుడు గదిలో ఎవరి ముఖం వైపూ చూడలేం. ఊరి పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం వచ్చింది, అది న్యాయమే.

అంత బాగుంటే రెండో స్థానం ఎందుకంటే, మాట వల్ల. తెలంగాణ పలుకుబడి మా అత్తగారికి కొత్త. కోపంగా మాట్లాడుకునే చోట వేగం పెరుగుతుంది, ఆమె ఒక మాట పట్టుకునేలోపు నాలుగు మాటలు దాటిపోతాయి. రెండు మూడు చోట్ల ఆపి చెప్పాల్సి వచ్చింది. ఆపడం తప్పు కాదు, కానీ ఏడుపు వచ్చే చోట ఆపితే పట్టు పోతుంది. అందుకే మొదట కథ మొత్తం రెండు ముక్కల్లో చెప్పేసి అప్పుడు పెట్టండి. కథ తెలిసినా ఈ సినిమాకు నష్టం లేదు.

ఇంకొక మాట. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే సంవత్సరీకం దాటేదాకా దీన్ని పక్కన పెట్టండి. పాడె, ఏడుపులు, పిండాలు చాలాసేపు తెర మీద ఉంటాయి. ఇంట్లో అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోతే మాత్రం ఏదో వంకతో అందరినీ కూర్చోబెట్టి చూపించండి.

సినిమాకన్నా ముందు టీవీ సంగతి

మాట అందడం గురించి ఇంత చెప్పాక టీవీ గురించి చెప్పకపోతే అన్యాయం. పలుచటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక గోడవైపుకో చూస్తుంటాయి. పాట, నేపథ్య సంగీతం గట్టిగా వినిపిస్తాయి, మనిషి మాట మాత్రం గొణిగినట్టుంటుంది. మనం శబ్దం పెంచుతాం, ఫైటు రాగానే తగ్గిస్తాం, రిమోటు చేతిలోంచి దిగదు. టీవీ సెట్టింగుల్లో సౌండ్ విభాగంలోకి వెళ్లి చూడండి. చాలా టీవీల్లో మాట స్పష్టంగా వినిపించే "క్లియర్ వాయిస్" లాంటి ఎంపిక ఉంటుంది, అది పెట్టండి. సినిమా నడిచే యాప్‌లో ఒకే భాషకు 5.1 అనీ స్టీరియో అనీ రెండు ఆడియోలు చూపిస్తే, విడి స్పీకర్లు లేని ఇంట్లో స్టీరియోనే ఎంచుకోండి. మా ఇంట్లో ఈ రెండు మార్పులు చేశాక అత్తగారి చెవికి టీవీ మారినట్టే అయింది. సౌండ్‌బార్ కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.

సబ్‌టైటిళ్ల విషయంలో మనకు చిక్కుంది. తెలుగు సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఒడియావి దొరకడం మహా అరుదు. ఒడియా కోడలు ఇంగ్లీషు వేగంగా చదవగలిగితే సరే. లేకపోతే హిందీ ఆడియో ఉన్న సినిమా వెతకాలి, అలా చేస్తే తెలుగు పెద్దలు నష్టపోతారు. ఎవరికోసం చూస్తున్నామో ఆ రోజు తేల్చుకోవడమే మార్గం.

తండేల్, పలాస 1978: రెండూ శ్రీకాకుళం కథలే

బరంపురంలో మద్రాసు వైపు వెళ్లే రైలెక్కితే ఇచ్ఛాపురం, సోంపేట దాటాక వచ్చేది పలాస. ఈ రెండు సినిమాల నేల మనకు అంత దగ్గర. కానీ ఒకే పూట రెండింటినీ చూడాలని మాత్రం అనుకోకండి. రెండు సినిమాల స్వభావం పూర్తిగా వేరు.

"తండేల్" 2025 ఫిబ్రవరిలో వచ్చింది. దర్శకుడు చందూ మొండేటి. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పని కోసం గుజరాత్ తీరానికి వెళ్లి, 2018లో వేట చేస్తూ పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లి పట్టుబడటం, 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరడం నిజంగా జరిగిన సంగతి. దాని చుట్టూ ఒక ప్రేమకథ అల్లారు. గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే వేటవాళ్ల పేటలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు ఇందులోని ఇంటి దృశ్యాలు బాగా తెలిసినట్టుంటాయి. మగవాళ్లు నెలలకొద్దీ పోయి ఉంటే ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు ఫోను కోసం ఎదురుచూడటం, రేషన్, అప్పు, భయం, అన్నిటినీ ఒకే ముఖంతో మోయడం సాయిపల్లవి అద్భుతంగా చూపించింది. ఈ సినిమా నిలబడింది ఆమె వల్లే. నాగచైతన్య యాస కోసం కష్టపడినట్టు తెలుస్తుంది, అక్కడక్కడ జారుతుంది. సముద్రం మీద తుఫాను ఘట్టం పెద్ద టీవీలో చూడాల్సిందే.

నాకు నచ్చనిది పాకిస్తాన్ జైలు భాగం. అప్పటిదాకా మనుషుల్లా ఉన్నవాళ్లు అక్కడికి చేరగానే ఉపన్యాసాలు మొదలుపెడతారు. నిజంగా జరిగిన కథలో ఉన్న నిస్సహాయత, కాగితాల కోసం ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు ఇంకా వివరంగా ఉంటే బాగుండేది. అయినా ఇది అందరూ కలిసి చూడగల సినిమా. పాటలున్నాయి, ప్రేముంది, హిందీ ఆడియో కూడా ఉంది. శనివారం రాత్రికి దీన్నే ఎంచుకోండి.

"పలాస 1978" అలాంటిది కాదు. 2020లో కరుణ కుమార్ తీసిన ఈ సినిమాలో జానపద కళనే నమ్ముకున్న కుటుంబంలోని అన్నదమ్ములిద్దరు కులం వల్ల, పెత్తందారుల వల్ల హింసలోకి ఎలా నెట్టబడతారో ఉంటుంది. సంగీతం రఘు కుంచెది. ఉత్తరాంధ్ర జనం నోట నలిగిన పాటలను తీసుకుని కథలోకి తెచ్చారు. పెళ్లిళ్లలో, జాతరల్లో విన్న బాణీలు మన పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. యాస విషయంలో తండేల్ కన్నా ఇది ఒక మెట్టు పైన. అందులో శ్రీకాకుళం నేర్చుకున్న భాషలా వినిపిస్తే, ఇందులో ఇంటి భాషలా వినిపిస్తుంది.

కత్తులు, నెత్తురు మాత్రం చాలా ఎక్కువ. పిల్లలు, నిద్ర సరిగా పట్టని పెద్దవాళ్లు లేనప్పుడు చూడండి. మేం దీన్ని ఇద్దరమే చూశాం. మా వారు జీడిపప్పు వ్యాపారం పనిమీద పలాస వెళ్లివస్తుంటారు కాబట్టి ఆ బజారు, ఆ మనుషుల వరసలు ఆయనకు తెలుసు. ఎక్కువ నిజమున్న సినిమా ఏదని అడిగితే పలాస. ఎక్కువమందితో చూడగలిగింది ఏదంటే తండేల్.

పిల్లలున్న ఇంటికి

పదేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలుంటే "35 చిన్న కథ కాదు" దగ్గర ఆగిపోండి, వేరేది వెతకనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో వచ్చింది, దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో బస్సు కండక్టరు కుటుంబం. పెద్ద కొడుకుకు లెక్కలు రావు. రావంటే మొద్దు అని కాదు, వాడికి సందేహాలున్నాయి. సున్నాకు విలువ లేదన్నప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. లెక్కల మాస్టారికి అది పొగరుగా కనిపిస్తుంది. పదో తరగతి తప్పిన తల్లి, పిల్లవాడిని ముప్పై అయిదు మార్కులు దాటించడానికి తనే పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. నివేదా థామస్ ఆ తల్లిగా ఎక్కడా ఎక్కువ చేయలేదు. సినిమా సగంలో మా అబ్బాయి ఆపమని, నోటుపుస్తకం తెచ్చి "నాకూ ఇదే సందేహం" అంటూ ఒక పేజీ చూపించాడు. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష నడిచే మన పిల్లలకు అర్థం కానిదాన్ని అడగడానికి నోరు రాదు. అడిగే పిల్లవాడిని వాళ్లు తెర మీద చూడాలి. తిరుపతి బ్రాహ్మణ కుటుంబపు తెలుగు నెమ్మదిగా, శుభ్రంగా వినిపిస్తుంది, పెద్దవాళ్లకూ ఇబ్బంది లేదు.

"కలర్ ఫోటో" కూడా కలిపి చూడవచ్చా అని మా ఆడపడుచు అడిగింది. కాలేజీ వయసు వాళ్లతో చూడవచ్చు. ఒంటి రంగు గురించి మన ఇళ్లలో అనే మాటలు ఎంత లోతుగా గుచ్చుకుంటాయో సందీప్ రాజ్ బాగా చెప్పారు, సుహాస్ మనసుకు పట్టేలా నటించాడు. అయితే ముగింపు బరువు చిన్నపిల్లలు మోయలేరు. ఇక సరదాగా ఉండే సినిమా కావాలంటే గుంటూరు హోటలు కథ "మిడిల్ క్లాస్ మెలొడీస్" చాలు. కొరాపుట్ వైపు వాళ్లకు అరకు లోయలో తీసిన "ఉమామహేశ్వర ఉగ్రరూపస్య" చూస్తే మన కొండలే కదా అనిపిస్తుంది. అది కోపం దిగమింగుకునే మనిషి కథ, పెద్దలకే ఎక్కువ నచ్చుతుంది.

పదిహేను దాటిన పిల్లలుంటే "కోర్ట్" చూడండి, అదీ వాళ్లతో కలిసి చూడండి. 2025 మార్చిలో వచ్చిన ఈ సినిమా కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. ఉన్నవాళ్లింటి అమ్మాయి, వాచ్‌మన్ కొడుకు అని చూడకుండా మనసులు కలుస్తాయి కానీ, డబ్బున్న ఇంటివాళ్లు పోక్సో కేసు పెడితే పేదింటి కుర్రవాడి బతుకు ఏమవుతుందన్నది కథ. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను కాపాడటానికి 2012లో వచ్చిన చట్టమది. ఆ రక్షణ అవసరమే. అదే చట్టాన్ని ఇంటి పరువు కోసం కక్షసాధింపుకు వాడితే ఏం జరుగుతుందో సినిమా అడుగుతుంది. అమ్మాయి మావయ్య మంగపతిగా శివాజీ ఉన్న ప్రతి సన్నివేశంలోనూ గదిలో గాలి బిగుసుకుపోయింది. కోర్టు వాదనల్లో కొంత నాటకీయత ఉంది, అసలు కోర్టులు అంత చురుగ్గా నడవవు. కానీ ఆడపిల్ల, మగపిల్లవాడు ఉన్న తల్లిదండ్రులు సిగ్గుపడి మాట్లాడలేని విషయాన్ని మాట్లాడే అవకాశం ఇస్తుంది. అందుకోసం ఆ నాటకీయతను నేను క్షమిస్తాను. చిన్నపిల్లలు మాత్రం ఉండకూడదు.

ఒడియా చుట్టాలు వచ్చిన రోజు

మన తెలుగిళ్లలో చాలామంది ఒడియా సినిమా వైపు చూడనే చూడరు. ఈ విషయంలో నాకు బాధ ఉంది. కోడలు మన భాషలో గంటలకొద్దీ కూర్చున్నప్పుడు, ఒక సాయంత్రం మనం ఆమె భాషలో కూర్చోలేమా? ఆ సాయంత్రానికి నేను చెప్పేది "దమన్". 2022 నవంబరులో విడుదలైంది. బాబూషాన్ మహంతి కథానాయకుడు. ఉత్తమ ఒడియా చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన యువ వైద్యుడిని మల్కన్‌గిరి జిల్లాలో బయటి ప్రపంచంతో తెగిపోయిన ప్రాంతానికి వేస్తారు. ఆంధ్రా, ఒడిశా కలిసి సీలేరు మీద కట్టిన బలిమెల జలాశయం వల్ల మూడు వైపులా నీళ్లు, ఒకవైపు అడవి మిగిలిన ఊళ్లవి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడికి చేరడానికి పడవే దిక్కు. మలేరియాతో పిల్లలు రాలిపోతుంటే డాక్టరు పారిపోవాలనుకుంటాడు, తర్వాత అక్కడే నిలబడతాడు. తోడుగా ఉండే ఫార్మసిస్టు పాత్ర నవ్విస్తూనే మనసుకు దగ్గరవుతుంది. దోమతెరలు పంచడం, అవి కట్టుకోమని ఒప్పించడం, ఒక్కో గుడిసె ఎక్కి దిగడం వంటి పనులను సినిమా ఓపికగా చూపిస్తుంది. నాకు నచ్చింది ఆ ఓపికే. రెండో సగంలో పొగడ్త కాస్త ఎక్కువైంది, ప్రభుత్వ కార్యక్రమం ప్రచారంలా అనిపించే చోట్లు ఉన్నాయి. అయినా కళ్లముందు కనిపించే కొండలు, నీళ్లు ఆ లోపాన్ని మరిపిస్తాయి.

హిందీ డబ్బింగ్ ఉంది కానీ ఒడియాలోనే పెట్టండి. బజారులో, బస్సులో, ఆస్పత్రిలో ఇన్నేళ్లు విన్న ఒడియా మన పెద్దవాళ్లకు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చు. మా అత్తగారికి అర్థం కాని చోట తోటికోడలు తెలుగులో చెప్పింది. ఇంట్లో సినిమా చూస్తున్నప్పుడు అర్థం చెప్పే పని ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. సినిమా అయ్యేదాకా అత్తగారు మరొకరిని అడగలేదు.